రెక్క మీద రెండు గీతలు

ఎల్కోకి ఉత్తరాన, నెవాడా ఎడారి అంచున
ఒకటే రన్‌వే, ఒకటే హ్యాంగరు.
తలుపు రేకు రాత్రంతా గాలికి దగ్గుతుంది.
తెల్లారకుండానే ఫ్లాస్కు చంకన పెట్టుకుని
మైతే ఎచెవెరీ వస్తుంది.
వెనకాల టార్చిలైటు మోసేది నేను.
ఈ కొలువులో నా హోదా అంతే.

క్వెంటిన్ హాల్వర్సన్ పశువుల డాక్టరు.
కొండ ఆవలి పశుశాలలకి ఎగిరి వెళ్లి
అడ్డం తిరిగిన దూడల్ని లాగి వస్తాడు.
రెండేళ్ల కింద కొన్నాడు ఈ పాత మూనీని,
పోయినవాడి సామాను వేలంలో,
ఎలకలు తినగా మిగిలిన సగం లాగ్‌బుక్కుతో సహా.

"రెక్కల మీద ఈ సన్న గీతలేంటి డాక్టర్?"
"అతుకులనుకున్నాను."
"పేరు చెరిగిపోయిన ఈ స్విచ్చో?"
"వెలగని దీపానిదేదో అనుకున్నాను."

మైతే నవ్వలేదు.
గోటితో గీత వెంబడి తడిమింది,
ఆయన దూడ కనురెప్ప విప్పి చూసినంత నెమ్మదిగా.
"ఇవి బ్రేకులు.
చక్రాలవి కావు, గాలివి."

కొండ దాటగానే కిందికి దిగాలి కదా.
ముక్కు వంచితే వేగం తరుముకొస్తుంది.
ఇంజను గొంతు నొక్కితే
కాలిన పెనం మీద చన్నీళ్లు పోసినట్టే,
సిలిండర్లు ఏదో ఒకనాటికి పగుళ్లిస్తాయి.
అందుకని రెక్క వీపులోంచి
రెండు పలకలు నిటారుగా లేచి
పరుగెత్తేవాడి చొక్కా పట్టుకున్నట్టు
గాలిలో విమానాన్ని పట్టుకుంటాయి.
ఇంజను వెచ్చగానే ఉంటుంది.
దిగడం మాత్రం దిగుతాం.

"మరి రెండేళ్లుగా నేనెలా దిగుతున్నాను?"
"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా."

ఏ రకమో ముందు తేలాలి.
పాతవి ఇంజను పీల్పుతో లేస్తాయి,
తర్వాతవి కరెంటుతో.
మూతకి ఆరు స్క్రూలు.
ఐదు మర్యాదగా వచ్చాయి.
ఆరోదానికి మధ్యాహ్నమైంది.
లోపలి రేకు మీద నంబరు అరిగి
చివరి అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు.
మైతే పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దింది.
బూడిదలోంచి లేచినట్టు ఎనిమిది లేచింది.
కరెంటువే.

స్విచ్చి నొక్కాను.
కుడిది టక్కున లేచింది.
ఎడమది మూలిగి ఊరుకుంది.
"రెండూ లేవకపోతే బతికిపోతాం,
ఒక్కటే లేస్తే..." అంటూ
అరచేతిని గాలిలో పక్కకి ఒరిగించింది మైతే.
డాక్టరు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

లోపల, నీళ్లు జారే రంధ్రం నిండా
కుమ్మరి పురుగు కట్టుకున్న మట్టి ఇల్లు.
గదికో ఎండు సాలీడు.
ఎన్ని శీతాకాలాల మంచు అక్కడ గడ్డకట్టి
పలకని నొక్కిపెట్టిందో!
నేను నూనె డబ్బా అందించాను.
"వద్దు. నూనె పెడితే దుమ్ము కాపురం పెడుతుంది."
పొడిగుడ్డ, మెత్తటి బ్రష్షు,
ఆఖర్న తడి అంటని కందెన, ఆవగింజంత.
తీగ కొసలు విప్పి, పచ్చని కిలుము గీకి, మళ్లీ బిగించాం.

మూత పెట్టబోతే
దాని లోపలి వైపు పెన్సిలు రాత కనిపించింది:
ఎడమది బద్ధకిస్తోంది. చలి రాకముందే చూడాలి.
తేదీ లేదు.
ఆ చలి ఏ సంవత్సరానిదో,
వచ్చిందో, ఆయన చూశాడో లేదో.
మైతే కాసేపు మూతని ఒళ్లో పెట్టుకుని
కింద రాసింది: చూశాం.

ఇప్పుడు రెండూ జోడు గుర్రాల చెవుల్లా
ఒక్కసారే లేస్తున్నాయి, ఒక్కసారే పడుకుంటున్నాయి.
డాక్టరు పదకొండుసార్లు నొక్కాడు.
లెక్కపెట్టాను.
"బ్యాటరీ నీ తాత ఇచ్చాడా?" అని మైతే కసిరితే మానాడు.

సాయంత్రం ఎగిరి వెళ్లి తిరిగొచ్చాడు.
కొండ మీంచి దిగుతుంటే విన్నాం:
విమానం కుంగుతోంది,
ఇంజను పాట మాత్రం ఒక్క శ్రుతీ తప్పలేదు.
మైతే ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.
పట్టపగల్లాంటి ఆ వెలుతురులో
నా చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.